కలిసిపోతున్న గెలాక్సీల్లో జంట బ్లాక్‌హోల్స్ వెతికినవాళ్ళు ఉన్నారా? మీ అనుభవం చెప్పండి

చుక్కల_లెక్క:
అందరికీ నమస్తే. ఆరు నెలలుగా డ్యూటీ అయ్యాక రాత్రిళ్ళు స్లోన్ అనే ఆకాశ సర్వే తీసిన గెలాక్సీల స్పెక్ట్రాలు (వెలుగుని రంగులుగా విడదీసిన గ్రాఫులు) దించుకుని చూస్తున్నా, అవి ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు. రెండు గెలాక్సీలు గుద్దుకుని కలిసిపోతే రెండిటి నడిమధ్యలో ఉన్న భారీ బ్లాక్‌హోల్స్ కూడా ఒకే గెలాక్సీలో పడతాయి కదా, రెండూ గ్యాస్ మింగుతుంటే రెండూ వెలుగుతాయి, అలాంటి జంట దొరుకుతుందేమో అని. ఒక గెలాక్సీలో ఆక్సిజన్ గీత 5007 ఆంగ్‌స్ట్రాముల (వెలుగు తరంగదైర్ఘ్యం కొలత) దగ్గర ఒక్క శిఖరం ఉండాల్సింది పోయి రెండున్నాయి, రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ దూరం వల్ల వెలుగు ఎరుపువైపు జరగడం) తీసేశాక మధ్యలో 6 ఆంగ్‌స్ట్రాముల ఖాళీ, అంటే సెకనుకి దాదాపు 360 కిలోమీటర్ల తేడా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఇది జంటేనా? ఎలా తేల్చుకోవాలి?

రేడియో_అక్క:
తమ్ముడూ, నీ సంతోషం నాకు బాగా తెలుసు, నా పీహెచ్‌డీలో మొదటి రెండేళ్ళు ఈ రెండు శిఖరాల వెంటే పోయాయి. రెండు శిఖరాలంటే రెండు వేగాలతో కదిలే గ్యాస్ ఉందని మాత్రమే అర్థం. ఒకే బ్లాక్‌హోల్ నుంచి వేగంగా దూసుకొచ్చే ధార, అంటే జెట్, గ్యాస్‌ని కొంత మనవైపుకి కొంత అవతలికి తోసినా అలాగే కనిపిస్తుంది, గ్యాస్ పళ్ళెంలా గుండ్రంగా తిరుగుతున్నా అంతే. పైగా పాత స్లోన్‌లో వెలుగు పట్టే ఫైబర్ తీగ ఆకాశంలో 3 ఆర్క్‌సెకన్ల వెడల్పు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), అందులో పడ్డ వెలుగంతా కలిపి ఒక్క స్పెక్ట్రమ్‌గా ఇస్తుంది, ఏ వెలుగు ఎక్కడిదో దానికి తెలీదు. నేను రేడియోలో చూసినవాటిలో చాలావరకు జెట్‌లే తేలాయి. ముందు వీఎల్ఏ (అమెరికాలోని రేడియో టెలిస్కోప్) సర్వే మ్యాప్‌లో నీ గెలాక్సీ ఎలా ఉందో చూడు, తర్వాత మాట్లాడుకుందాం.

తెనాలి_మాస్టారు:
ఎక్స్‌రే సంగతి కూడా చెప్తా బాబూ. సర్పధారి రాశిలో ఎన్‌జీసీ 6240 అని ఉంది, మనకి దాదాపు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. 2002లో చంద్రా అనే ఎక్స్‌రే టెలిస్కోప్ దాని మధ్యలో రెండు బ్లాక్‌హోల్స్ వెలుగుతున్నట్టు పట్టింది, ఒకే గెలాక్సీలో రెండూ చురుగ్గా ఉన్నట్టు స్పష్టంగా తేలిన మొదటి కేసు అదే. మన చంద్రశేఖర్ గారి పేరున్న టెలిస్కోప్ అని మా పిల్లలకి చెప్పి ఆ డేటా ఆర్కైవ్ నుంచి దించి క్లాసులో తెరిచా. తక్కువ ఎనర్జీ ఎక్స్‌రేలు పెడితే సీతాకోకచిలుకలా చెదిరిన గ్యాస్ తప్ప ఏమీ లేదు. ఎనర్జీ పెంచుకుంటూ ఇనుము గీత ఉండే 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరికి రాగానే ఆ పొగంతా పోయి రెండు చుక్కలు మిగిలాయి, మధ్యలో మూడు పిక్సెళ్ళ దూరం, అంతే! ఆ మూడు పిక్సెళ్ళే అక్కడ మూడు వేల కాంతి సంవత్సరాలు. వెనక బెంచీ పిల్లోడు లేచి స్క్రీన్ దగ్గరికొచ్చి వేలు పెట్టి లెక్కపెట్టాడు. దుమ్ము వెనక దాక్కున్నవాటికి గట్టి ఎక్స్‌రేలే దిక్కు, మామూలు ఫొటోలో ఏదీ నమ్మలేం.

డల్లాస్_రాత్రులు:
నేను వేరే దారిలో పోయి దెబ్బతిన్నా, చెప్తే ఇంకొకరికి పనికొస్తుంది. రెండూ మరీ దగ్గరైపోతే ఏ టెలిస్కోప్‌లోనూ విడిగా కనపడవు కాబట్టి వెలుగు ఒక లయలో పెరిగి తగ్గుతుందేమో చూస్తారు. 2015లో పీజీ 1302-102 అనే క్వేజార్ (గ్యాస్ మింగుతూ విపరీతంగా వెలిగే బ్లాక్‌హోల్ ఉన్న గెలాక్సీ నడిమధ్య) 5.2 ఏళ్ళకోసారి అలా చేస్తోందని పేపర్ వస్తే నేనూ పబ్లిక్ డేటా తీసి కర్వులు గీయడం మొదలుపెట్టా, నాకు పదకొండు "జంటలు" దొరికాయి, మూడేళ్ళ కొత్త డేటా కలిపేసరికి ఒక్కటీ నిలబడలేదు. క్వేజార్ వెలుగు దానంతటదే అడ్డదిడ్డంగా మారుతుంది, రెండు మూడు చుట్లు మాత్రమే చూస్తే ఆ గందరగోళం కూడా చక్కటి అలలాగే ఉంటుంది. ఆ 1302 మీద కూడా తర్వాతి డేటా కలిపితే లయ బలహీనపడిందని రాశారు. ఐదు చుట్లైనా చూడకుండా నేను ఇంక నోరెత్తను.

కొత్తగా_వచ్చా:
ఒక డౌట్. అంత దగ్గరికొచ్చాక ఢీకొట్టుకోకుండా ఎందుకు ఆగుతాయి?

రేడియో_అక్క:
మంచి ప్రశ్న అమ్మా. దగ్గరికి రావాలంటే ఆ జంట తన తిరుగుడు శక్తిని ఎవరికో ఇచ్చేయాలి. మొదట చుట్టూ ఉన్న నక్షత్రాలకి ఇస్తుంది, వాటిని బయటికి విసిరేస్తూ లోపలికి జారుతుంది. కానీ విసరగా విసరగా దగ్గర్లో నక్షత్రాలే అయిపోతాయి, గురుత్వ తరంగాలు ఆ శక్తిని లాక్కునేంత దగ్గరికేమో ఇంకా రాలేదు, అక్కడ ఇరుక్కుపోతుంది. దీన్నే చివరి పార్సెక్ సమస్య అంటాం, పార్సెక్ అంటే దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు. గ్యాస్ ఉంటే దాటిస్తుందని కొందరు, గెలాక్సీ ఆకారం గుండ్రంగా లేకపోతే కొత్త నక్షత్రాలు వస్తూనే ఉంటాయని కొందరు. 0402+379 అనే రేడియో గెలాక్సీలో రెండిటి మధ్య 24 కాంతి సంవత్సరాలే, అమెరికా అంతా పరిచిన వీఎల్‌బీఏ యాంటెన్నాలతో పన్నెండేళ్ళు చూస్తే ఆ కదలిక అంతంతమాత్రంగా తెలిసింది, ఒక్క చుట్టుకి దాదాపు 30 వేల ఏళ్ళు పడుతుందని లెక్క. మన జీవితంలో చూడగలిగేది అందులో ఒక రవ్వ.

పల్సర్_పిల్లోడు:
అక్కా, దాటుతున్నాయనే అనిపిస్తోంది మాకు. 2023 జూన్‌లో పల్సర్ల (గడియారంలా రేడియో పల్సులు పంపే చచ్చిన నక్షత్రాలు) టైమింగ్‌లో నానోహెర్ట్జ్, అంటే చాలా నెమ్మదైన, గురుత్వ తరంగాల గుర్తులు కనపడ్డాయని ప్రపంచమంతా ఒకేసారి ప్రకటించారు కదా, యూరప్ వాళ్ళతో కలిసి మన భారత పల్సర్ టైమింగ్ బృందం ఇన్‌పీటీఏ కూడా ఉంది, అందులో ఐఐటీ హైదరాబాద్ వాళ్ళున్నారు. పుణె దగ్గర నారాయణ్‌గావ్ పక్కన వాళ్ళు వాడే రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ, 45 మీటర్ల యాంటెన్నాలు 30. అది తక్కువ ఫ్రీక్వెన్సీలో చూస్తుంది కాబట్టి దారిలో ఎలక్ట్రాన్ల వల్ల పల్స్ ఎంత లేటయిందో బాగా కొలుస్తుంది, ఆ లేటు తీసేయకపోతే తరంగం ఏదో ఎలక్ట్రాన్ల పని ఏదో తేలదు. ఒక అల పూర్తవడానికి ఏళ్ళు పడుతుంది. ఇవి చాలా జంటలు కలిపి చేసే హోరు అని ఎక్కువమంది నమ్మకం, ఏ గెలాక్సీలో ఏ జంటో మాత్రం ఇంకా విడదీయలేదు, అందుకే మీరంతా వెతికే ఈ జంటలు మాకు కావాలి.

చుక్కల_లెక్క:
అక్కా, చూశా. వీఎల్ఏ మ్యాప్‌లో నడిమధ్య ఒక చుక్క, అటో తోక ఇటో తోక, ఒకే గీత మీద. జెట్టే అయ్యుంటుంది. రెండు రోజులు మనసు బాగోలేదు, ఉన్నమాట చెప్తున్నా. కానీ నా లిస్టులో ఇంకోటుంది, దాని ఫొటోలో గుద్దుకున్నప్పుడు సాగిన తోక సన్నగా కనపడుతోంది, మధ్యలో రెండు ఉబ్బులు 2 ఆర్క్‌సెకన్ల దూరంలో. రేడియోలో ఏమీ లేదు, ఖాళీ. చంద్రా ఆర్కైవ్‌లో ఆ ప్లేసు ఎప్పుడైనా చూశారేమో రేపు వెతుకుతా. మాస్టారూ, ఫైల్ తెరవడం దగ్గర ఇరుక్కుంటే మీకు మెసేజ్ పెడతానండి.

తెనాలి_మాస్టారు:
పెట్టు బాబూ, రాత్రి పది దాటాక ఖాళీగానే ఉంటా.