దగ్గుతో ఉన్న నేను అమ్మాయిని పురిటికి తెచ్చుకోవచ్చా?

కొర్లగుంట అమ్మ:
నాకు 52 ఏళ్లు. తిరుపతిలో ఒక బడిలో తెలుగు చెబుతాను. దగ్గు మొదలై నేటికి 41 రోజులు. ముందు జలుబే అనుకున్నాను. రెండో వారం నుంచి తెర వచ్చిందంటే ఊపిరి పీల్చుకునే సందు ఉండదు, తిన్న అన్నం బయటికి వచ్చేదాకా వదలదు. తరగతిలో పద్యం రెండో పాదం దాటలేకపోతున్నాను. పిల్లలే నీళ్ల సీసా పట్టుకుని నిలబడతారు, పాపం. పోయిన వారం దగ్గుతుంటే ఎడమ పక్కటెముకలో కలుక్కుమంది.

కఫం పరీక్షలో క్షయ లేదన్నారు. నాలుగో వారంలో ముక్కు లోపలి నుంచి నమూనా తీసి కోరింత దగ్గని తేల్చారు. ఐదు రోజులు అజిత్రోమైసిన్ వాడాను. అది ముగిసి 12 రోజులైనా దగ్గు పోలేదు. అమ్మాయికి 31వ వారం. శుక్రవారం చిత్తూరు నుంచి తీసుకురావాలి. తీసుకురావచ్చా?

చిత్తూరు నర్సు:
అమ్మా, ఐదు రోజుల మందు పూర్తయింది కాబట్టి మీ నుంచి ఇక అంటదు. క్రిమి చచ్చినా, శ్వాసనాళాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగును అది పాడుచేసింది. అది కోలుకునేదాకా దగ్గు ఉంటుంది. వంద రోజుల దగ్గు అనేది అందుకే. పక్కటెముక చిట్లి ఉండవచ్చు, చూపించుకోండి.

అమ్మాయికి కోరింత దగ్గు నుంచి కూడా కాపాడే టీడాప్ టీకా గురించి ఆమె డాక్టరును వెంటనే అడగండి. 27 నుంచి 36 వారాల మధ్య వేస్తే తల్లి నుంచి బిడ్డకు రక్షణ అందుతుంది. గర్భిణులకు మామూలుగా వేసే టీడీలో కోరింత దగ్గు మందు ఉండదు, పేరు చూసుకోండి. బిడ్డకు కోరింత దగ్గుకూ పనిచేసే పెంటావాలెంట్ టీకా మొదటి మోతాదు ఆరో వారంలో గానీ వేయరు. అంతవరకే నాకు భయం. పసికందుకు ఈ జబ్బు వస్తే దగ్గు వినపడకుండానే ఊపిరి ఆగిపోవచ్చు. ఇంట్లో ఇంకెవరికైనా దగ్గు ఉందా?

బైరాగిపట్టెడ:
అక్కా, నాకూ వచ్చింది. చిన్నప్పటి టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుందని అప్పుడే తెలిసింది. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినండి. పోపు ఘాటుకు, సాంబ్రాణి పొగకు దూరంగా ఉండండి. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే నాకు నిద్ర పట్టేది.

కొర్లగుంట అమ్మ:
నర్సమ్మా, మీరు అడిగాకే గమనించాను. మా ఆయన రెండు రోజులుగా గొంతు సవరించుకుంటున్నారు. రేపు పొద్దున్నే ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. టీకా సంగతి అల్లుడికి ఫోనులో చెప్పాను. ఈయన సంగతి తేలేదాకా అమ్మాయి అక్కడే ఉంటుంది. వియ్యపురాలికి నేనే చెప్పుకుంటాను.