అప్‌డేట్: లారీ గుద్దిన కేసులో రాజీకి ఒప్పుకోవాలా అని అడిగాను కదా

సూర్యాపేట దగ్గర హైవే మీద మా తమ్ముడి బండిని లారీ గుద్దిందని, ఇన్సూరెన్స్ వాళ్లు లోక్ అదాలత్‌లో మూడు లక్షలు ఇస్తామంటున్నారని, తీసుకోవాలా అని అడిగాను. తీసుకోలేదు. అక్కడ సంతకం పెడితే మళ్లీ అప్పీలు ఉండదని మీలో ఒకరు చెప్పిన మాటే ఆపింది.

మెడికల్ బోర్డు తమ్ముడికి 30 శాతం వైకల్యం అని రాసింది. కానీ వాడు టైల్స్ మేస్త్రీ, గొంతుకూర్చుంటే తప్ప పని జరగదు, రాడ్ వేసిన ఆ మోకాలు సగం కూడా మడవడం లేదు. శాతం ఒక్కటే కాదు, ఆ గాయం వల్ల సంపాదన ఎంత పోయిందో చూడాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పిందట, మా లాయరు గారు దాని మీదే నిలబడ్డారు. డాక్టరు గారు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పడానికి మూడు వాయిదాలు పట్టింది, ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు.

పోయిన వారం ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే కోర్టు) తీర్పు వచ్చింది: 9 లక్షల 40 వేలు, పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ. మందుల బిల్లులన్నీ అమ్మ బియ్యం డబ్బా మీద కవర్లో దాచింది, ట్రిబ్యునల్ వాటిలో ఒక్కటీ కొట్టేయలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు ఇంకా డిపాజిట్ చేయలేదు, అప్పీలుకు హైకోర్టుకు వెళ్తారేమో చూడాలి. జవాబిచ్చిన అందరికీ దండాలు.