చూడకుండా టైపు చేయడం నేర్పే సాఫ్ట్‌వేర్ ఏది మేలు?

ప్రశ్న (బొబ్బిలి, విజయనగరం జిల్లా): డిగ్రీ చదువుతున్న మా చెల్లెలికి కీబోర్డు చూడకుండా తెలుగు, ఇంగ్లీషు టైపింగు నేర్పించాలనుకుంటున్నాను. మా ఊళ్లో నెట్ నిలకడగా ఉండదు కనుక, దానితో పని లేని ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే తెలియజేయగలరు.

జవాబు: ఇంగ్లీషుకు క్లావారో అనే, నెట్ లేకుండా నడిచే ఉచిత టైపింగు సాఫ్ట్‌వేర్ సరిపోతుందండీ. ఎఫ్, జె కీల మీది చిన్న గీతలను చూపుడువేళ్లతో తడిమి, చేతులను అక్కడే నిలిపే అలవాటు ముందు కుదరాలి. వేగం సంగతి తరువాత.

మరో జవాబు: తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) నేర్పించండి. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి కనుక రెండు చేతులూ వంతులవారీగా కదులుతాయి. ఒత్తు కోసం హల్లుల నడుమ డి నొక్కాలి: ‘అక్క’కు షిఫ్టుతో డి, ఆపైన కె, డి, కె.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. రెండూ ఒకేసారి మొదలుపెట్టించవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు: వద్దండీ, ఇంగ్లీషులో వేళ్లు కుదిరాకే తెలుగు.