కుక్కని 'నాన్నా' అని పిలిస్తే తప్పా?

వేపనీడ:
మాది మియాపూర్. మా కుక్క జాతికుక్క కాదు, వీధిలో పుట్టిన నల్లకుక్క. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు వానలో తడుస్తూ మా మెట్ల కింద దొరికాడు. టీకాల కార్డు మీద 'సీజర్' అని రాయించాం కానీ ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. మా ఆయనకి వాడు 'నల్లోడు', మా పాపకి 'సీజూ'. నాకు పొద్దున్నే 'బుజ్జిగాడు', చెప్పు కొరికితే 'దొంగసచ్చినోడు', రాత్రి పడుకునే ముందు 'నాన్నా', 'చిట్టినాన్నా'.

పోయిన వారం అమ్మ తెనాలి నుంచి వచ్చింది. మా నాన్న పోయి ఎనిమిది నెలలు. రాత్రి అన్నాలు తింటుంటే వాడొచ్చి నా మోకాలి మీద తల పెట్టాడు. "కాస్త ఆగు నాన్నా, పెడతా" అన్నాను. అమ్మ చేతిలో ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయింది. "కుక్కని నాన్న అంటావటే, సంవత్సరీకం కూడా కాలేదు" అంది. మూడు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. నేను తప్పు చేశానా? మీ ఇళ్ళల్లో ఏమని పిలుస్తారు?

కొబ్బరాకు:
మా వాడు లడ్డూ. తర్వాత లడ్డయ్య అయ్యాడు. ఇప్పుడు ఏడేళ్ళొచ్చాయి, లడ్డయ్యగారు. తప్పేం లేదండీ, పిలుచుకోండి.

ఒకేమాట:
తప్పొప్పుల సంగతి పక్కన పెట్టండి. కుక్కకి ఇన్ని పేర్లు ఉండకూడదు. పేరంటే ముద్దు కాదు, "నా వైపు చూడు" అని చెప్పే గుర్తు. రెండక్షరాల పేరు ఒకటి పెట్టాలి. పిలిచినప్పుడు తల తిప్పి చూస్తే చిన్న బిస్కెట్ ముక్క పెట్టాలి. ఆ పేరుతో ఎప్పుడూ తిట్టకూడదు. ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా పిలిస్తే దానికి ఏదీ తన పేరు కాదు. గేటు తెరిచి ఉన్న రోజు తెలుస్తుంది ఈ ముద్దుల ఖరీదు.

వేపనీడ:
మా వాడు అన్నిటికీ పలుకుతాడండీ. 'సీజర్' అంటే నిలబడి చూస్తాడు. 'నాన్నా' అంటే కుడిచెవి ఒక్కటే లేపి, తోకతో గ్రైండర్ స్టాండుని టకటకా కొడతాడు. రెండూ వాడికి వేరువేరని నాకు బాగా తెలుసు. అమెరికాలో ఛేజర్ అనే కుక్క 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది. మా వాడు ఐదు పేర్లు గుర్తుపెట్టుకోలేడా?

ఒకేమాట:
అవి బొమ్మల పేర్లు. ఛేజర్ సొంత పేరు ఒక్కటే. అది కూడా ఒక ప్రొఫెసర్ మూడేళ్ళ పాటు రోజూ గంటల తరబడి కూర్చుని నేర్పితే వచ్చింది. ఇంకోటి, 2017లో ఒక పరిశోధన వచ్చింది. ముద్దుగొంతుతో మాట్లాడింది రికార్డు చేసి కుక్కలకి వినిపించారు. కుక్కపిల్లలు ఎక్కువ స్పందించాయి, పెద్ద కుక్కలు మామూలు గొంతుకీ దానికీ తేడా చూపలేదు. కాబట్టి ముద్దుగా పిలవడం మన ఆనందానికే, కుక్కకి కాదు.

వేపనీడ:
స్పీకర్‌లో ఎవరో పరాయివాళ్ళ గొంతు వస్తే మీరు మాత్రం పలుకుతారా?

పల్లెబాట:
మా చిన్నప్పుడు ఊళ్ళో కుక్కలకి పేర్లే లేవు. ఎర్రది, తెల్లది, మచ్చలది, అంతే. అన్నం పెట్టడానికి "చ్చొ చ్చొ", మీదికి ఉరికించడానికి "ఉస్కో". అయినా రాత్రి పొలం నుంచి ఆలస్యంగా వస్తే ఊరి పొలిమేర దాకా వచ్చి కాచుకునేవి. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కకీ పేరు లేదు.

గోదారమ్మ:
వేపనీడా, మీ అమ్మగారి బాధ నాకు అర్థమైంది. మన ఇళ్ళల్లో పిల్లల్ని 'నాన్నా', 'అమ్మా' అని ఎందుకంటాం? మనవడికి తాత పేరు పెట్టేవాళ్ళు. కోడలు మావగారి పేరు నోటితో పలకకూడదు, ఆ పేరుతో పిల్లాణ్ణి కసరకూడదు. అందుకే మా అత్తగారు మా ఆయన్ని ఎప్పుడూ 'అబ్బాయి', 'నాన్నా' అనేవారు, పేరు పెట్టి పిలవలేదు. ఆ పిలుపులో పెద్దవాళ్ళు ఉంటారు. ఏడాది తిరగని ఇంట్లో ఆ మాట కాస్త ఆగి వాడాలి. కుక్క తక్కువదని కాదు నేననేది. బుజ్జీ, కన్నా, చిన్నీ, మనకేం పిలుపులు కరువా?

గడిమెట్లు:
మీరంతా 'నాన్న' దగ్గరే ఆగిపోయారు. నాకు 'గాడు' దగ్గర ఆగుతుంది. బుజ్జిగాడు, చింటిగాడు అని కుక్కని ముద్దు చేస్తున్నారు, సంతోషం. మా తాత దొర గడిలో జీతముండేవాడు. అరవై ఏళ్ళ మనిషిని ఆ ఇంటి పదేళ్ళ పిల్లలు పేరు సగం చేసి 'గాడు' తగిలించి పిలిచేవాళ్ళు. ఆ ఇంట్లో వేటకుక్కని మాత్రం 'బాబు' అనేవాళ్ళు. "బాబుకు పాలు పోసినవారా?" అని మా తాతని అడిగేవాళ్ళు. ఇత్తడి గిన్నె తోమి, పాలు గోరువెచ్చగా చేసి, పొయ్యాలె. ఆయన తినేది ఆ తర్వాత, పశువుల కొట్టం పక్కన. మా తాతకి ఆ కుక్క మీద కోపం లేదు, అది చచ్చిపోతే గుంత తవ్వి పూడ్చింది ఆయనే. కానీ మా ఇంట్లో ఇప్పటికీ ఎవర్నీ 'గాడు' అనం. కుక్కని కూడా.

కొబ్బరాకు:
అయ్యా, కుక్కల ముద్దుపేర్ల మాట జరుగుతుంటే కులాల గొడవ ఎందుకు తెచ్చారు?

గడిమెట్లు:
నేను కులం మాటే ఎత్తలేదు. మీరే ఎత్తారు. మీ లడ్డయ్యకి ఏడేళ్ళకే 'గారు' వచ్చింది. మా తాతకి చచ్చేదాకా రాలేదు. అదే చెప్పాను.

కొబ్బరాకు:
నేను ప్రేమతో అన్నది. దాన్ని మీ తాతగారితో ముడిపెడతారని కలలో కూడా అనుకోలేదు. నా మీద పడితే నేనేం చెయ్యను?

ఒకేమాట:
అందుకే చెబుతున్నా. గాడు వద్దు, గారు వద్దు, నాన్నా వద్దు. ఒకే పేరు పెట్టండి, ఈ గొడవే ఉండదు.

గడిమెట్లు:
మీకు ఆ గేటు తప్ప ఇంకేం వినపడదా? ఇక్కడ మనిషి బతుకు గురించి చెబితే మీరు బిస్కెట్ ముక్క దగ్గరే ఉన్నారు.

వేపనీడ:
ఒకేమాట గారూ, నిన్నటి నుంచి చూస్తున్నా. మీకు పేర్ల లెక్క కాదు సమస్య, ఎవరైనా ముద్దు చేస్తే గిట్టదు. మీ ఇంట్లోవాళ్ళని కూడా రెండక్షరాలతోనే పిలుస్తారా?

ఒకేమాట:
చెబుతాను వినండి. మా ఇంట్లో ఉన్న లాబ్రడార్ నాది కాదు, మా నాన్నగారిది. ఆయన నన్ను నలభై నాలుగేళ్ళలో ముద్దుపేరుతో ఒక్కసారి పిలవలేదు. పూర్తి పేరు, లేకపోతే 'ఒరేయ్'. పదో తరగతిలో స్కూల్ ఫస్ట్ వచ్చి మార్కుల కాగితం ఇస్తే, చూసి, మడిచి, "సరే, జాగ్రత్తగా పెట్టు" అన్నారు. రిటైరయ్యాక ఈ కుక్కపిల్లని తెచ్చుకున్నారు. 'బంగారుకొండా', 'నా చిట్టితండ్రీ', 'ఏమ్మా, ఆకలేస్తోందా' అంటారు. చెవి కింద గోకుతూ అంటారు. ఆ గొంతు ఆయనకి ఉందని నాకు తెలియదు. నేను పక్క గదిలో ఆఫీసు పని చేసుకుంటూ వింటాను.

పోయిన నెల గేటు తీసి ఉంది. అది రోడ్డు మీదికి పరిగెత్తింది. నాన్న గుమ్మంలో నిలబడి తెలిసిన ముద్దుమాటలన్నీ అరిచారు. అది ఆగలేదు. నేను రోజూ బిస్కెట్లు పెట్టి నేర్పిన పేరు ఒక్కసారి పిలిచాను. వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చింది. అవునండీ, సంతోషం వేసింది.

గోదారమ్మ:
బాబూ, ఆ కాలం మగవాళ్ళు చాలామంది అంతే. ఉమ్మడి కుటుంబంలో తండ్రి ఎదురుగా సొంతబిడ్డని ఎత్తుకోవడం మర్యాద కాదనేవాళ్ళు. పొగిడితే దిష్టి తగులుతుందని కూడా భయం. మా నాన్న నన్ను నిద్రపోయాక ఎత్తుకునేవాడని అమ్మ చెప్పేది. ప్రేమ లేక కాదు.

ఒకేమాట:
నిద్రపోయాక ఎత్తుకుంటే పిల్లకి ఎలా తెలుస్తుందమ్మా?

గడిమెట్లు:
ఒకేమాట గారూ, మీ మీద అరిచాను, మనసులో పెట్టుకోకండి. కానీ ఒకటి అడగాలి. మీ నాన్నగారు ఆ మాటలు కుక్కకి అనడం ఆపేస్తే, అవి మీకొస్తాయా? మా తాత విషయంలోనూ అంతే. ఆ కుక్కని బాబు అనకపోతే ఆయన్ని 'గారు' అనేవాళ్ళా? అనేవాళ్ళు కాదు. కుక్కకి దక్కింది తప్పు కాదు. మనిషికి దక్కనిదే తప్పు. 'గాడు' మాత్రం మా ఇంట్లోకి రానివ్వను, ఆ మాట మీద అక్కడే ఉన్నాను.

కొబ్బరాకు:
ఆ బాబు, పాల సంగతి రాత్రి మా ఇంట్లో చెప్పాను. ఎవరూ ఏం మాట్లాడలేదు. మా వాడిని 'గారు' అనడం మాననండీ, వాడికి అలవాటైపోయింది. కానీ కులాల గొడవ అన్నందుకు ఏమనుకోకండి.

వేపనీడ:
పొద్దున అమ్మని అడిగాను, నిజంగా కుక్కని అన్నందుకేనా అని. వంటింట్లో కరివేపాకు దూస్తోంది. చాలాసేపు పలకలేదు. తర్వాత, "మీ నాన్న నిన్ను అలాగే పిలిచేవాడు కదే. నువ్వు 'ఆగు నాన్నా' అన్నప్పుడు అచ్చం ఆయన గొంతే. లోపలి గదిలోంచి ఆయనే అన్నట్టు వినపడింది" అంది. నాకు అది తట్టనే లేదు. నన్నలా పిలిచేవాడని మర్చిపోలేదు, కానీ ఆ యాస నాకు వచ్చిందని తెలియదు. గోదారమ్మ గారు చెప్పినట్టు ఏడాది తిరిగేదాకా అమ్మ ముందు వాడు 'నల్లోడే'. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం పిలుచుకుంటాను.

ఒకేమాట గారూ, నేనన్న మాట తప్పు. మీ నాన్నగారు పిలుస్తుంటే పక్క గదిలో కూర్చోకండి, వెళ్ళి అక్కడ కూర్చోండి.

ఒకేమాట:
చూస్తాను. మీరు మాత్రం గేటుకి కింద ఇంకో గొళ్ళెం పెట్టించండి. మియాపూర్‌లో బండ్లు ఎక్కువ.