ఇంటి కాపలాకి నాన్నగారి డబుల్ బ్యారెలా, కొత్త 32 రివాల్వరా?

లంకతోట
మాది రాజోలు వైపు లంక గ్రామం. కొబ్బరి తోట మధ్యలో పెంకుటిల్లు, కేకేస్తే పక్కింటికి వినపడదు. నాన్నగారి పేరున తాతగారి నాటి 12 బోరు డబుల్ బ్యారెల్ ఉంది, లైసెన్సు నడుస్తోంది. ఆయనకి 72 ఏళ్ళు. ఆ తుపాకీనే నా పేరుకి మార్పించుకోనా, కొత్తగా రివాల్వరుకి పెట్టుకోనా? రివాల్వరైతే దిండు కింద ఉంచుకోవచ్చని మా బావ అంటున్నాడు. తూటాలు ఏ రకం తీసుకోవాలో కూడా వాడినవాళ్ళు చెప్పండి.

చెరువుగట్టు
ఆయ్, ముందు ఆ దిండు మాట మానేయమనండి మీ బావగారిని. ఇంట్లో పిల్లలు లేరా ఏంటి?
మావి ఉండి దగ్గర రొయ్యల చెరువులు. ఇంట్లో ఉన్నది 12 బోరే. భుజానికి ఆనించి పట్టుకునే తుపాకీకీ, ఉత్త చేత్తో పట్టే రివాల్వరుకీ గురిలో చాలా తేడా అండి. ఏడాదిలో ఒక్కసారి కూడా కాల్చని చెయ్యి, పైగా నిద్రమత్తు, గుండెదడ. వాకిలి దూరంలో కూడా రివాల్వరు గుండు పక్కకి పోతుంది. డబుల్ బ్యారెల్‌కి ఇంకో సుఖం ఉంది, గొట్టాల మొదట్లో ఉన్న మడత విప్పితే లోపల తూటా ఉందో లేదో చీకట్లో వేలితో తడిమినా తెలిసిపోద్ది.

బోరు32
చెరువుగట్టు గారూ, మీకు గట్టు మీద జాగా ఉంది కాబట్టి అలా అంటున్నారు. అంత పొడుగు తుపాకీ పట్టుకుని నడవాలోంచి వంటింట్లోకి తిరగండి చూద్దాం, గొట్టం తలుపుకి తగుల్తుంది. నా దగ్గర ఉన్నది ప్రభుత్వ ఫ్యాక్టరీ వాళ్ళ 32 రివాల్వరు, ఆరు తూటాలు. భీమవరంలో రొయ్యల డబ్బులు తీసుకుని రాత్రిపూట కార్లో వచ్చేవాడికి అదే పనికొస్తుంది.
కొనబోయేవాళ్ళకి ఒక్క మాట. 32 అంటే ఒకే తూటా అనుకోకండి. రివాల్వరుది అంచున్న తూటా, 32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. పిస్టలుది 32 ఏసీపీ, అదే 7.65 అని కూడా అంటారు. ఒకదాని బదులు ఇంకొకటి వాడటానికి లేదు. షాపులో ఊరికే 32 ఇవ్వమనకండి.

పాతలాఠీ
పోలీసు డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యాను. లంకతోట బాబూ, నీకు దారి సులువుగానే ఉంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, లేదా ఆయన ఆ తుపాకీని 25 ఏళ్ళు ఉంచుకున్నా, బతికుండగానే వారసుడి పేరుకి మార్పించుకోవచ్చు. నీ అర్హత మాత్రం మామూలుగానే చూస్తారు: ఫారం ఎ-1 దరఖాస్తు, పోలీసు విచారణ, ఆయుధం వాడకంలో శిక్షణ పొందినట్టు ఎస్-1 సర్టిఫికెట్. మీరు ఇప్పుడు కోనసీమ జిల్లా కాబట్టి అమలాపురం కలెక్టరేట్‌కి వెళ్ళాలి. 2022కి ముందు లైసెన్సు అయితే పాత కాగితాలన్నీ కాకినాడ పేరుతో ఉంటాయి, వాటి జిరాక్సులు చేతిలో పెట్టుకుని వెళ్ళు.
2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు గడువు అయిదేళ్ళు. ఇది మార్పించుకున్నాక కావాలంటే రివాల్వరుకీ పెట్టుకోవచ్చు. 9 ఎంఎం అడక్కు, అది నిషిద్ధ బోరు, మామూలు జనానికి ఇవ్వరు.
పొడుగు ఎక్కువైందని గొట్టం మాత్రం కోయించకండి. అనుమతి లేకుండా కోయడమే నేరం, 20 అంగుళాల కంటే పొట్టిదైతే అది నిషిద్ధ ఆయుధం కిందకి పోతుంది. అలాంటి కేసులు చూశాను.

లంకతోట
చాలా థ్యాంక్సండి. పిల్లలున్నారు, ఇద్దరు. మరి రాత్రి తోటలో దొంగ పడితే కాల్చొచ్చా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

పాతలాఠీ
కొబ్బరికాయలు దింపుకుపోయేవాడి మీద కాల్చావా, జైలుకి వెళ్ళేది నువ్వే. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణవి, పాత ఐపీసీలో 96 నుంచి 106. సెక్షన్ 41 చదువు. దోపిడీ, చీకటి పడ్డాక ఇల్లు పగలగొట్టి చొరబడటం, ఇంటికి నిప్పు పెట్టడం, ప్రాణభయం కలిగించే దొంగతనం, అక్కడిదాకానే. అప్పుడు కూడా అవసరానికి మించి హాని చేయకూడదని 37 చెబుతుంది. పారిపోయేవాడి వీపున కాలిస్తే ఏ లాయరూ కాపాడలేడు. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాల్చినా రెండేళ్ళదాకా జైలో, లక్షదాకా జరిమానాయో, లేదా రెండూ.
దొంగ తోటలో ఉంటే నువ్వు ఇంట్లో ఉండు. తలుపేసుకుని 112కి ఫోన్ చెయ్యి.

గోదారిపిల్ల
ఆడమనిషిని అని తీసిపారేయకండి, మా ఇంట్లో లైసెన్సు నా పేరునే ఉంది. ఎవరూ అడగని ఇంకో సంగతి ఉంది. ఎన్నికల కోడ్ రాగానే తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. 2024లో మాది చాలా రోజులు అక్కడే ఉండిపోయింది. ఆ రోజులకి ఇంటి కాపలా ఎవరు? అందుకే ముందు నాలుగు వైపులా లైట్లు వేయించాం, వెనక తలుపుకి లోపలి గడియ మార్పించాం, రెండు ఊరకుక్కల్ని పెంచుతున్నాం. కుక్కలకి రెన్యువల్ ఉండదు.

కొల్లేటిగాలి
లైసెన్సు గొడవెందుకు, 177 ఎయిర్‌గన్ కొనుక్కోండి. 20 జౌల్స్ లోపు శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. నేను చెరువు మీద నీటికాకుల్ని దాంతోనే తోలుతున్నా.

చెరువుగట్టు
కొల్లేటిగాలి గారూ, శబ్దానికి తోలితే సరే. పిట్టకి తగిలిందా, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే, మీరుండేదేమో కొల్లేరు అభయారణ్యం పక్కన. మేం చెరువు మీద వల కడుతున్నాం. ఎయిర్‌గన్‌తో దొంగ ఆగడు సరికదా, వాడి చేతిలో కత్తి ఉంటే మరీ రెచ్చిపోతాడు.
లంకతోట గారూ, తూటాల సంగతి. ఖడ్కీ ఫ్యాక్టరీ వాళ్ళ శక్తిమాన్ తూటా ఎక్కువగా దొరుకుతుంది. ఎల్‌జీ, ఎస్‌జీ అంటే పెద్ద గుళ్ళు. మీది గోడలున్న పెంకుటిల్లే అయినా వెనక పాలేరు పాక ఉంటే అది తాటాకు తడికే కదా, పెద్ద గుండు దాన్ని దాటిపోయి అవతల పడుకున్నవాళ్ళకి తగులుతుంది. గది దూరంలో 4 నంబరు లాంటి సన్న గుళ్ళు కూడా విడిపోకుండా ముద్దగానే తగులుతాయి, అడ్డుగోడ దాటే శక్తి మాత్రం తక్కువ. నేనైతే అవే ఉంచుతా. ఎల్‌జీ ఎందుకు కొంటారో నాకు అర్థం కాదు, అడవిపందులా వచ్చేది?
తుపాకీ ఒకచోట, తూటాలు ఒకచోట, రెండింటికీ తాళం. తాళంచెవులు పిల్లలకి తెలియకూడదు.

గోదారిపిల్ల
మన గాలికి తుప్పు సంగతి ఎవరూ చెప్పలేదేం? వానాకాలం అంతా గొట్టం లోపల చెమ్మ పడుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో వదిలేయకండి, ఆ తోలే చెమ్మ పట్టి ఉంచుతుంది. నెలకోసారి తీసి పొడిగుడ్డతో తుడిచి పల్చగా గన్ ఆయిల్ రాయాలి. ఇంట్లో ఉందని కొబ్బరినూనె రాయకండి, జిగురు కట్టేస్తుంది. పాత కాగితపు తూటాలుంటే ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంటాయి.

లంకతోట
నాన్నగారి డబ్బాలో కాగితపు తూటాలే ఉన్నాయండి, కొన్ని ఉబ్బి ఉన్నాయి. వాటిని గోదాట్లో పారేయనా? కొత్తవి 70 మిల్లీమీటర్లవి ఉన్నాయంటున్నారు షాపులో.

పాతలాఠీ
గోదాట్లో పారేయకు, పూడ్చకు. లైసెన్సు పుస్తకంలో లెక్క ఉంటుంది. నాన్నగారిని వెంటబెట్టుకుని లైసెన్సున్న డీలరు దగ్గరికి తీసుకెళ్ళు, రాయించుకుని అప్పగించు.
70 అని చెప్పగానే కొనేయకు. తాతగారి నాటి సీమ తుపాకీ, అంటే ఇంగ్లాండుది అయితే, తూటా కూర్చునే చాంబరు రెండున్నర అంగుళాలది కావచ్చు, అంటే 65 మిల్లీమీటర్ల తూటాకి చేసింది. 70 కూడా లోపల పడుతుంది, అదే మోసం. కాల్చినప్పుడు తూటా మూతి విచ్చుకోడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది, ముసలి గొట్టం తట్టుకోకపోవచ్చు. మడత విప్పి, గొట్టాలు ఊడదీసి, అడుగున చదునుగా ఉన్నచోట చూడు, అంగుళాల్లోనో మిల్లీమీటర్లలోనో కొట్టి ఉంటుంది. అరిగిపోయి కనపడకపోతే గన్‌స్మిత్ చేత కొలిపించు. అందాకా ఒక్క తూటా కూడా వేయకు.