హైదరాబాద్ ఎఫ్‌సీ ఏ వేసవిలో చేజారింది? (కలం పేర్లతో నలుగురు అభిమానుల చర్చ)

గచ్చిబౌలి గ్యాలరీ:

మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా తరలిపోయింది. అయినా పాత అభిమానులు నలుగురు కలిస్తే చర్చ ఇంకా ఒక్క వేసవి చుట్టూనే తిరుగుతోంది. 2023లో కోచ్ మనోలో మార్కెజ్‌ను ఎఫ్‌సీ గోవా జట్టుకు వెళ్లనివ్వకపోతే ఈ గతి పట్టేది కాదన్నది ఎక్కువమంది నమ్మకం. అంకెలు చూస్తే ఆ నమ్మకం సహజమే. 2022-23లో 20 మ్యాచ్‌లలో 42 పాయింట్లు తెచ్చుకుని రెండో స్థానంలో నిలిచిన జట్టు, ఆయన వెళ్లిన మరుసటి సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి, ఒకే ఒక్క విజయంతో, 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. కారణం ఇంత స్పష్టంగా కళ్లముందు ఉండగా ఇంకెక్కడో వెతకడమెందుకని మీరు అడగవచ్చు. నేను మాత్రం వెతకాలనే అంటాను. జట్టు కరిగిపోవడం 2021 వేసవిలో మొదలైందని, 2022లో ముదిరిందని, 2023లో బయటపడిందని నా వాదన.

2021-22 నుంచి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఒక జట్టు మైదానంలో నలుగురు విదేశీయులను మించి ఆడించకూడదన్న నిబంధన వచ్చింది. అంటే పదకొండు మందిలో కనీసం ఏడుగురు మన దేశపు ఆటగాళ్లే. విదేశీ స్ట్రైకర్లను ఎవరైనా తెచ్చుకోగలరు, ఒకడు కుదరకపోతే మరుసటి ఏడాది మరొకడు వస్తాడు. అరవై గజాలు పైకీ కిందికీ పరుగెత్తగల భారతీయ ఫుల్‌బ్యాక్‌లు (రక్షణ వరుసలో కుడి, ఎడమ అంచుల్లో ఆడేవారు) మాత్రం లీగ్ మొత్తం వెతికినా వేళ్ల మీద లెక్కించేంత మందే దొరుకుతారు. అలాంటివారు ఇద్దరు, అదీ ఇరవై రెండేళ్లలోపు వారు, మన దగ్గర ఒకేసారి ఉన్నారు: ఎడమవైపు ఆకాశ్ మిశ్రా, కుడివైపు ఆశిష్ రాయ్. వారికి తోడు ముందువరుస అంచున ఆడే వింగర్ లిస్టన్ కొలాసో. 2021లో లిస్టన్, 2022లో ఆశిష్ ఇద్దరూ ఏటీకే మోహన్ బగాన్‌కు వెళ్లారు. 2023లో ఆకాశ్ ముంబై సిటీతో అయిదేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. ఏడాదికొక స్తంభం తీసేస్తూ ఇల్లు ఇంకా నిలబడే ఉందని మురిసిపోయాం.

భారతీయ ఆటగాళ్ల విలువ ఎంతో ఎవరికైనా సందేహం ఉంటే 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఐఎస్‌ఎల్ ఫైనల్‌ను గుర్తుచేసుకోవాలి. స్టాండ్ల నిండా పసుపు రంగే, కానీ ఆ పసుపంతా కేరళ అభిమానులది. మైదానంలో పసుపు చొక్కాలు వేసుకున్నది మాత్రం మనవాళ్లు. పట్టికలో మనం పైన ఉన్నందువల్ల కేరళ ఆటగాళ్లు నల్ల చొక్కాలతో దిగవలసి వచ్చింది. టీవీ ముందు కూర్చున్న మా నాన్నగారు మొదటి పది నిమిషాలు ఆ జనమంతా మనవారే అనుకుని పొంగిపోయారు, ఆయన భ్రమ పోగొట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆ మ్యాచ్‌లో 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది సాహిల్ తవోరా. పెనాల్టీ షూటౌట్‌లో కేరళ కొట్టిన నాలుగింటిలో ఒక్కదాన్నే లోపలికి పోనిచ్చింది మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. చివరి పెనాల్టీ కొట్టి కప్పు తెచ్చింది హాలిచరణ్ నర్జారీ. ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో, అత్యధిక గోల్స్ కొట్టినవారికిచ్చే గోల్డెన్ బూట్ అందుకున్న విదేశీ స్ట్రైకర్ ఒగ్బెచేను తక్కువ చేయడం లేదు. కానీ కప్పు చేతికి అందిన ఆ అరగంట చాలావరకు మన దేశపు కుర్రాళ్లదే.

ఖాతా పుస్తకం:

గ్యాలరీ గారూ, మీ అభిమానాన్ని గౌరవిస్తాను గానీ మీ లెక్కను ఒప్పుకోలేను. ఆటగాణ్ని అమ్మడం తప్పు కాదు. మన క్లబ్ లాంటి చిన్న క్లబ్‌కు అది బతుకుతెరువు. ఒప్పందం ముగియడానికి ఏడాది ఉందనగా మంచి ధర పలికితే అమ్మాలి, లేకపోతే మరుసటి ఏడాది అతడు క్లబ్‌కు పైసా రాకుండా వెళ్లిపోతాడు. లిస్టన్‌ను అమ్మినందుకు వచ్చిన మొత్తం ఆనాటికి ఒక భారతీయ ఆటగాడికి పెద్ద ధరే. అదే వేసవిలో విదేశీ ఆటగాళ్లు ఒగ్బెచే, ఎడు గార్సియా, హువానన్ వచ్చారు, ఆ సీజన్‌లోనే కప్పు కూడా వచ్చింది. కప్పు గెలిచిన వేసవిని పతనానికి తొలిమెట్టు అనడం నాకు వింతగా ఉంది.

అసలు 2020 వేసవిని మరిచిపోకండి. అంతకుముందు సీజన్‌లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో చివరన నిలిచాం. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను మధ్యలోనే తప్పించారు. భవిష్యత్తు అప్పగించిన ఆల్బర్ట్ రోకా, జట్టు సిద్ధమవుతున్న సమయంలో బార్సిలోనా పిలిచిందని వెళ్లిపోయారు. ఆగస్టు చివరలో హడావుడిగా వచ్చిన మనోలో పేరు మనలో ఎందరు విన్నారు? గొప్ప ప్రణాళిక లేకుండా, పెద్ద ఖర్చు లేకుండా, కొంత అదృష్టంతో జరిగిన ఆ వేసవే మనకు అన్నిటికన్నా మేలు చేసింది. కాబట్టి వేసవి నిర్ణయాలే క్లబ్ తలరాత రాస్తాయన్న మీ మూలసూత్రం మీదే నాకు అనుమానం. డబ్బు ఆగిపోయింది కనుక జట్టు ఆగిపోయింది. జీతాలు బకాయి పడ్డాయి, పాత బాకీల వల్ల ఫిఫా బదిలీ నిషేధం, అంటే కొత్త ఆటగాళ్లను చేర్చుకోకూడదన్న నిషేధం, పడింది. మిగిలినవన్నీ దాని పర్యవసానాలే.

కుడిపక్క కాపలా:

నేను జిల్లా స్థాయిలో పదేళ్లు రైట్ బ్యాక్‌గా ఆడినవాణ్ని కనుక ఫుల్‌బ్యాక్‌ల ప్రస్తావన వచ్చినచోట ఊరుకోలేను. గ్యాలరీ గారి వాదనకు అడ్డు వచ్చే అంకె ఆయన రాతలోనే ఉంది, ఆయన దాన్ని దాటేశారు. ఆశిష్ ఉన్న చివరి సీజన్‌లో మనకు వచ్చినవి 38 పాయింట్లు. ఆశిష్ వెళ్లిపోయాక అన్నే మ్యాచ్‌లలో వచ్చినవి 42. స్తంభం తీసేస్తే ఇల్లు ఎత్తు పెరిగిందా?

పెరిగిన కారణం మైదానంలో చూసినవారికి తెలుసు. మనోలో వింగర్‌గా ఆడే నిఖిల్ పూజారిని వెనక్కి తెచ్చి రైట్ బ్యాక్‌ను చేశారు. ఇది చెప్పినంత సులభం కాదు. వింగర్‌కు బంతి కాళ్ల ముందు ఉంటుంది, ప్రత్యర్థి వెనక ఉంటాడు. వెనక్కి వచ్చాక అంతా తలకిందులు. ప్రత్యర్థి వింగర్ నీ వైపు పరుగెత్తి వస్తుంటే తొందరపడి కాలు చాపకుండా, ఒంటిని కాస్త వాలుగా తిప్పి, అతణ్ని గీత వైపు నెట్టుకుంటూ వెళ్లాలి. నేను ఆడిన రోజుల్లో మా శిక్షకుడు గీత వెంట ఇటుక ముక్కలు పేర్చి, వాటికీ నాకూ మధ్య మూడడుగులకు మించి సందు ఉంటే కేకలు వేసేవాడు. నిఖిల్ ఆ మొదటి నెలల్లో రెండుసార్లు కాలు చాపి దొరికిపోవడం, తరువాత తరువాత మానుకోవడం నేను గమనిస్తూ వచ్చాను. ఒక ఆటగాణ్ని అమ్మితే పోయిన విలువను కోచ్ తన శిక్షణతో తిరిగి పుట్టించాడు. అంటే అసలు ఆస్తి ఎవరు? ఆశిష్ కాదు, మనోలో. నలుగురూ అంటున్న మాటే నిజమని నా అభిప్రాయం.

గచ్చిబౌలి గ్యాలరీ:

కాపలా గారు పట్టుకున్న అంకె సరైనదే, దాటేసిన మాటా నిజమే. అయితే దాని అర్థం నాకు వేరుగా కనిపిస్తోంది. ఆశిష్ పోయిన ఖాళీని క్లబ్ పూడ్చలేదు, కోచ్ తన చేతులతో పూడ్చారు. ఆయన చేతులు తీసేసిన రోజున ఆ ఖాళీ బయటపడింది. ఒక మనిషి నైపుణ్యం మీద క్లబ్ ఎంతగా ఆధారపడిందో తెలిసి కూడా, ఆయన వెళ్తారని ముందే తెలిసి కూడా, కింది వరుసను సిద్ధం చేయకపోవడం వేసవి నిర్ణయం కాదా? ఆ ఒక్క విరామంలో ఆయనతోపాటు వెళ్లినవారిని చూడండి: ఒగ్బెచే, ఆకాశ్, నర్జారీ, సివేరియో, బోర్హా హెరేరా, ఓడై. బోర్హా, సివేరియో ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కే పోయారు. వచ్చినవారిలో మోయా, అలానిస్, పెన్నానెన్, నోల్స్ మంచి ఆటగాళ్లే కావచ్చు. కోస్టారికా నుంచి ఒకరు, మెక్సికో నుంచి ఒకరు, ఫిన్లాండ్ నుంచి ఒకరు, ఆస్ట్రేలియా నుంచి ఒకరు వచ్చి కలిసేసరికి, వారికి బంతి అందించే మన కుర్రాళ్ల వరుసే సగం ఖాళీగా ఉంది. మళ్లీ అదే పొరపాటు: ముందు విదేశీయులు, తరువాత మనవాళ్లు.

అమ్ముగూడ వాసి:

ఒక మాట అడుగుతాను, పక్కదారి పట్టించానని అనుకోవద్దు. మీరు చెప్పే "మనవాళ్లు" ఎవరు? ఆ ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిలో తెలంగాణ, ఆంధ్ర కుర్రాడు ఒక్కడైనా ఉన్నాడా? మా అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నారు. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం మన ఊరి ఉపాధ్యాయుడు, ఆయన శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్‌లు గెలిచింది. ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ఊరి కుర్రాడికి ఇల్లు ఇక్కడే ఉంటుంది, జీతం రెండు నెలలు ఆలస్యమైనా మూట కట్టుకుని వెళ్లడు. మణిపూర్ నుంచో గోవా నుంచో వచ్చినవాడు అద్దె ఎలా కట్టాలి? 2024 జనవరిలో చింగ్లెన్‌సనా, నిఖిల్ బెంగళూరుకు, యాసిర్ గోవాకు వెళ్లిపోయారు, వారిని నేను తప్పుపట్టను.

ఖాతా పుస్తకం:

జీతం ఆలస్యమైనా ఊరివాడు ఉండిపోతాడు కనుక ఊరివాణ్ని తీసుకోవాలన్న వాదన ఆ ఊరివాడికే అన్యాయం అనిపిస్తోంది, క్షమించాలి. స్థానికులను తీర్చిదిద్దాలన్న మాటతో మాత్రం ఏకీభవిస్తాను. దానికి ఎనిమిది పదేళ్లు కావాలి, మన క్లబ్ మొత్తం ఆయుష్షు ఆరేళ్లు.

కుడిపక్క కాపలా:

ఇన్ని మాటల్లో సింగ్టో గారి పేరు ఎవరూ ఎత్తలేదు. 2023 వేసవి తరువాత బాధ్యత ఐర్లాండ్ నుంచి వచ్చిన కానర్ నెస్టర్, మన తంగ్‌బోయ్ సింగ్టోల మీద పడింది. నెస్టర్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు, విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. ఆ తరువాత గచ్చిబౌలిలో ఒక మ్యాచ్‌కు వెళ్లినప్పుడు, వార్మప్ చేస్తున్న కుర్రాళ్ల చొక్కాల మీద పేర్లు చదువుకుంటూ కూర్చున్నాను, సగం మంది ముఖాలు నాకు కొత్త. నా వెనక ఎవరో సింగ్టోను తిడుతూనే ఉన్నారు. రిజర్వ్ కుర్రాళ్లతో లీగ్ ఆడి, చెన్నైయిన్ మీద ఆ ఒక్క విజయం సాధించిన మనిషిని 8 పాయింట్ల కోచ్ అని పిలవడం నాకు నచ్చదు. యజమానులు మారాక 2024 డిసెంబరులో ఆయననూ తప్పించారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని కూడా ఎవరూ వాదించలేదు, అప్పటికి వాదించేవారు మిగల్లేదు.

గచ్చిబౌలి గ్యాలరీ:

సింగ్టో గారి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ రోజు మీ వెనక తిట్టింది నేను కాదని మనవి, నాది తూర్పు వైపు.

నా వాదనలో ఒకటి సవరించుకుంటాను. 2021లో లిస్టన్‌ను అమ్మడం తప్పు కాదు, ఆ డబ్బుతో మరో లిస్టన్‌ను వెతకకపోవడం తప్పు. 2020లో కుర్రాళ్ల జట్టు ఇండియన్ యారోస్ నుంచి పద్దెనిమిదేళ్ల ఆకాశ్‌ను పట్టుకొచ్చిన కన్ను, ఆ తరువాతి వేసవుల్లో పేరున్న విదేశీయుల వైపు తిరిగింది. ఖాతా పుస్తకం గారు దాన్ని అదృష్టం అన్నారు. అదృష్టమే అయితే, అది తలుపు తట్టిన చోటే మళ్లీ నిలబడాలి కదా.

ఇంతకీ మీ ముగ్గురికీ ఒక ప్రశ్న. 2023 జూన్‌లో క్లబ్ పగ్గాలు మీ చేతిలో ఉన్నాయనుకోండి, ఒక్కరిని నిలుపుకోవడానికి సరిపడా డబ్బే ఉందనుకోండి. మనోలో, ఆకాశ్, ఒగ్బెచే. ఎవరిని ఉంచుతారు?

కుడిపక్క కాపలా:

మనోలోను. ఆయన ఉంటే ఇంకో వింగర్‌ను లెఫ్ట్ బ్యాక్‌గా మార్చేవారు.

అమ్ముగూడ వాసి:

ఆకాశ్‌ను. ఇరవై ఒక్కేళ్లవాడు, పదేళ్లు ఆడతాడు. కోచ్‌లు వస్తుంటారు పోతుంటారు.

ఖాతా పుస్తకం:

ముగ్గురిలో ఎవరినీ ఉంచను. ఆ డబ్బుతో పాత ఆటగాళ్ల బాకీలు తీర్చేస్తాను. నిషేధం లేకపోతే జనవరిలో నిఖిల్ వెళ్లిన రోజున అతని స్థానంలో ఎవరినో ఒకరిని, కనీసం రెండో డివిజన్ కుర్రాణ్ని అయినా, తెచ్చుకునే వీలు ఉండేది.