స్వీడిష్ నేర నవలల్లో చిక్కుముడి ఎక్కడుంది? నవలలు ముందా, తెర మీద ముందా?

రాత్రిబండి (ప్రశ్న):

స్వీడిష్ పోలీసు ఇన్‌స్పెక్టరు వాలాండర్‌గా కెనెత్ బ్రానా నటించిన ‘వాలాండర్’ ధారావాహికను ఈ మధ్యనే చూశాను. పసుపుపచ్చగా విరబూసిన రేప్‌సీడ్ (ఆవాల జాతి నూనెగింజల పంట) చేను నడుమ ఒక అమ్మాయి ఒంటిమీద పెట్రోలు పోసుకుని నిప్పంటించుకునే దృశ్యం రెండు రోజులపాటు కళ్ల ముందు నుంచి పోలేదు. ఆ ఊపులో దానికి మూలమైన హెన్నింగ్ మాన్కెల్ నవలను తెప్పించుకున్నాను. తీరా చదివితే, హంతకుడి వైపు నుంచి నడిచే అధ్యాయాలు మొదటినుంచీ వస్తున్నాయి, అంటే పోలీసుల కంటే నాకే ఎక్కువ తెలుసు. అద్దె పుస్తకాల షాపుల్లో డిటెక్టివ్ నవలలు చదివి పెరిగిన నాకు, చివరి అధ్యాయంలో ముడి విప్పితే తప్ప పుస్తకం ముగిసినట్టుండదు. ఇక్కడ ముడి సంగతి అలా ఉంచి, ఇన్‌స్పెక్టరు విడాకులు, నిద్రలేమి, జీవితమంతా ఒకే ప్రకృతి దృశ్యాన్ని మళ్లీ మళ్లీ గీసే తండ్రితో తగవులు పేజీలకు పేజీలు సాగుతున్నాయి. (కొన్ని బొమ్మల్లో మాత్రం అదనంగా ఒక అడవికోడి ఉంటుందట!) ఈ నవలలను ఎలా చదవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరా?

పాతఅట్ట:

మీరు మధ్యలో ఎక్కారు కాబట్టి అలా అనిపిస్తోంది. మాయ్ షోవాల్, పేర్ వాలో అనే జంట 1965 నుంచి 1975 వరకు మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారి కథానాయకుడిగా పది నవలలు రాశారు. పిల్లలు నిద్రపోయాక రాత్రిపూట కూర్చుని, చెరొక అధ్యాయం చొప్పున రాసేవారు. ఇద్దరూ వామపక్షీయులు. సంక్షేమ రాజ్యమని పేరుపడిన తమ దేశంలో ఎవరు వెనకబడిపోతున్నారో చూపించడానికి జనం ఇష్టంగా చదివే పోలీసు కథను ఎంచుకున్నారు. పదింటినీ కలిపి ‘ఒక నేరం కథ’ అన్నారంటే, వారి దృష్టిలో ఆ నేరం ఒక్క హత్య కాదన్నమాట. స్వీడన్‌లో స్థానిక సంస్థల చేతిలో ఉన్న పోలీసు శాఖ ప్రభుత్వం కిందికి వెళ్లింది కూడా 1965లోనే. ఆ మార్పు మీద వారి విసుగు తరవాతి నవలల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

మొదటి నవల ‘రోసానా’తో ప్రారంభించండి. గోటా కాలువలో పూడిక తీస్తుండగా ఒక యువతి శవం బయటపడుతుంది. ఆమె ఎవరో తేలడానికే నెలలు పడుతుంది. ఆమె ఎక్కిన పర్యాటక నౌకలో ప్రయాణించినవారు తీసుకున్న ఫొటోలను, చిన్న చిన్న సినిమాలను పోలీసులు దేశదేశాల నుంచి తెప్పించి, చీకటి గదిలో కూర్చుని, నవ్వుతూ చేతులూపుతున్న అపరిచితుల నడుమ ఆమె కోసం వెతుకుతారు. ఎవరో సరదాగా తీసుకున్న సినిమాలో, చనిపోయిన మనిషి ఒక్క క్షణం నడుస్తూ కనబడుతుంది. నాకు ఆ సన్నివేశం ముందు హాలులో అందరినీ కూర్చోబెట్టి ముడి విప్పే డిటెక్టివులందరూ వెలవెలబోతారు. బెక్‌కు జలుబు, కడుపునొప్పి, కలహాల కాపురం అన్నీ ఉన్నాయి, కానీ రచయితలు వాటిని రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. మాన్కెల్‌కు ఆ పొదుపు లేదన్న మీ ఫిర్యాదులో కొంత న్యాయముంది.

బెక్ సినిమా కావాలంటే 1976లో బో విడర్‌బర్గ్ తీసిన ‘ఇంటికప్పు మీద మనిషి’ చూడండి. పట్టపగలు స్టాక్‌హోమ్ నడిబొడ్డున హెలికాప్టర్ కూలే దృశ్యం ఇప్పటికీ పాతబడలేదు. 1997లో మొదలైన పీటర్ హాబర్ నటించిన బెక్ ధారావాహిక మాత్రం పాత్రలను తీసుకుని చాలావరకు కొత్త కథలు అల్లుకున్నది. దాన్ని చూసి నవలలు చదివేశామనుకోవద్దు.

లుండ్‌వాసి:

నేను దక్షిణ స్వీడన్‌లో కొన్నేళ్లుగా ఉంటున్నాను. వాలాండర్ ఊరు ఇస్టాడ్‌కు మాల్మో నుంచి రైలులో గంటలోపే చేరుకోవచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఆశ్చర్యమనిపించింది అక్కడి ప్రశాంతతే. రాత్రి చర్చి గోపురం మీది కాపలాదారు పావుగంటకొకసారి నాలుగు దిక్కులకూ తిరిగి బూర ఊదుతాడు. ఇంత ముద్దొచ్చే ఊళ్లో ఇన్ని శవాలేమిటని నవ్వొస్తుంది. నిజానికి మాన్కెల్ రాసింది అలాంటి ఊళ్లోకి కూడా వచ్చేసిన భయం గురించే. 1991లో వచ్చిన తొలి నవలలో, పల్లెలో ఒక వృద్ధ రైతు దంపతుల మీద దాడి జరుగుతుంది. ప్రాణం పోయేముందు ఆ ముసలావిడ ‘విదేశీ’ అన్న ఒక్క మాట అంటుంది. ఆ మాట బయటికి పొక్కాక శరణార్థుల మీద జనం ఏం చేశారన్నదే నవలలో సగం. వలస వచ్చిన నాకు హంతకుడెవరన్న దానికంటే ఆ భాగమే ఎక్కువ గుబులు పుట్టించింది.

తెర మీది వాలాండర్లలో ముగ్గురి గురించి చెబుతాను. రోల్ఫ్ లాస్‌గోర్డ్ నవలలకు దగ్గరగా ఉంటాడు, భారీ శరీరం, ముక్కుమీద కోపం. క్రిస్టర్ హెన్రిక్సన్ మితభాషి, ఆయన కథలు ఎక్కువగా కొత్తవి. బ్రానా పాత్ర ఇస్టాడ్‌లోనే తిరుగుతుంది, చేతిలోని పత్రిక స్వీడిష్‌లో ఉంటుంది, నోట మాత్రం ఇంగ్లీషు. అలవాటు పడేదాకా అది కాస్త వింతే. నా ఓటు హెన్రిక్సన్‌కు.

2011లో మొదలైన ‘వంతెన’ ధారావాహికను కూడా వదలకండి. స్వీడన్, డెన్మార్క్‌లను కలిపే ఒరేసుండ్ వంతెన మీద సరిగ్గా సరిహద్దు గీత దగ్గర శవం దొరకడంతో కథ మొదలవుతుంది. స్వీడిష్ పోలీసు సాగా తన భాషలో, డేనిష్ పోలీసు మార్టిన్ తన భాషలో మాట్లాడుకుంటారు. సబ్‌టైటిళ్లలో రెండూ ఒకటైపోవడం వల్ల సగం హాస్యం ఎగిరిపోతుంది.

పాతఅట్ట:

లుండ్‌వాసి గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ప్రశ్న అడిగినవారికి ముడి ముఖ్యం కనుక హెన్రిక్సన్ నిదానం ఇప్పుడే వద్దు. స్టీగ్ లార్సన్ తొలి నవలలో మూసుకుపోయిన దీవి, నలభై ఏళ్ల కిందట మాయమైన అమ్మాయి అనే పాతకాలపు చిక్కుముడి ఉంది. అయితే దాని స్వీడిష్ పేరుకు ‘స్త్రీలను ద్వేషించే పురుషులు’ అని అర్థం, లోపల హింస కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. అందుకు సిద్ధపడి తెరవండి.

రాత్రిబండి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాలువ శవంతోనే మొదలుపెడుతున్నాను. మాన్కెల్ నవలను సగంలో మూసేశాను కానీ, ఆ తండ్రి ఆఖరికి ఇంకో బొమ్మ ఏదైనా గీశాడా అన్నది మాత్రం చెప్పకండి.